పచ్చిగోడ మీద ఒక పూట

ఈయన ఇవాళ పూట పెద్దది పూశారు. పొద్దున పరంజా ఎక్కి పలక మీద కాళ్ళు ముడుచుకుని కూర్చోగానే చూశాను, అడుగుదామనీ అనుకున్నాను. కానీ అప్పటికే ఆయన పెరట్లో కుళాయి దగ్గర తాపీలు కడుగుతూ దగ్గుతున్నారు. ఆ దగ్గు ఆగాక అడుగుదామనుకున్నాను. దగ్గు ఆగలేదు, నేను అడగలేదు, గోడ మాత్రం ఎవరి కోసమూ ఆగదు కదా, కుంచె తడిపేశాను. ఇప్పుడు పై కిటికీలోంచి ఎండ నా మోచేతి దాకా వచ్చింది. బొమ్మలో ముసలామెకు కళ్ళయ్యాయి, ముక్కయింది, పెదవి సగంలో ఉంది. ఆమె వెనకున్న ముసలాయన ఇంకా బొగ్గు చుక్కల్లోనే ఉన్నాడు. ఇద్దరి చేతులూ మిగిలే ఉన్నాయి, ఆయన భుజాన సంచీ మిగిలే ఉంది. వేలి వెనక భాగం గోడకు ఆనించి చూశాను. చల్లదనం ఉంది, కానీ పొద్దుటి చల్లదనం కాదు. ఇంకో గంట, మహా అయితే గంట పైన ఇంకాస్త. స్వామీ, ఈ గంటను కాస్త సాగదీయి.

ఎవరికీ తెలియని రహస్యమేమీ కాదు మా పని. పచ్చి సున్నం తడిగా ఉన్నంతసేపూ గోడ రంగు తాగుతుంది, తాగి తనలో కలుపుకుంటుంది, ఆ తరవాత వానకీ ఎండకీ జంకదు. తడారిపోయాక వేస్తే రంగు పైపైన పొడిలా నిలుస్తుంది, రేపు ఎవరి భుజం ఒరుసుకున్నా వాళ్ళ చొక్కాకి అంటుకుని వాళ్ళతో పోతుంది. అందుకని ఈయన పొద్దున్నే, ఆ రోజు నేను వేయగలిగినంత మేరే గోడ పూస్తారు. దాన్ని మేము పూట అంటాం. వేయలేక మిగిలిపోయిందంటే ఆరిన సున్నాన్ని పగలగొట్టి మర్నాడు మళ్ళీ పూసుకోవాల్సిందే. ముఖానికి ఒక పూట, ఎప్పుడూ అంతే. ఒక పూటలో రెండు ముఖాలు మా పెళ్ళయిన దగ్గర్నుంచీ ఈయన పూయలేదు. మరి ఇవాళ ఏమొచ్చింది? పెద్దతనమా? కళ్ళజోడు మార్చాలా? పెదవి కింద నీడకి జేగురులో మసి ఎక్కువైంది, నీళ్ళు కలుపు, నెమ్మది, నెమ్మది.

ఈయన కొలత తప్పడమేమిటి! గజం బద్దతో కొలిచే మనిషి కాదు. పొద్దున నేను టీ తాగుతుంటే ఒకసారి చూస్తారు, అంతే. గ్లాసు రెండు చేతుల్తో పట్టుకున్నానా, ఒక చేత్తోనా. జడ బిగించి ముడేశానా, వదులుగా వదిలేశానా. ఒక్క ముక్క అడగరు. వచ్చి చూసేసరికి గోడ మీద నా ఒంట్లో ఉన్న ఓపికంతా అచ్చుగుద్దినట్టు పరిచి ఉంటుంది. మా అమ్మాయికి విషజ్వరం వచ్చి తెల్లవార్లూ కూర్చున్న మర్నాడు అరచేతి కంటే కొంచెం పెద్దది పూశారు, దాంట్లో ఒక పిట్ట పట్టింది, ఇంకేమీ పట్టలేదు. నేనూ ఇంకేమీ వేయలేకపోయేదాన్ని. ఆయన తమ్ముడి విషయంలో మాటా మాటా అనుకుని ఇద్దరం మొహాలు మాడ్చుకున్న రోజున గోడ ఈ కొస నుంచి ఆ కొస దాకా పూసి పారేశారు. ఇదేమిటండీ అంటే, "ఆకాశం వేసుకో. అంత ఆకాశం వేశాక పోట్లాడే ఓపిక ఉండదు" అన్నారు. నిజంగానే లేకపోయింది. మా గోడలేవైనా సాయంత్రం పక్క వెలుతురులో చూస్తే పూటకీ పూటకీ మధ్య అతుకు సన్నగా కనిపిస్తుంది. బొమ్మ చూసేవాళ్ళు బొమ్మ చూస్తారు. నేను అతుకులు చూస్తాను. ఇక్కడ నాకు తలనొప్పి, ఇక్కడ ఇద్దరం నవ్వుకున్నాం, ఇక్కడ మా నాన్న పోయాడు.

మా నాన్న బొమ్మలవాడు. నా చదువు అయిదో తరగతితో ఆపించి రంగులు నూరడానికి కూర్చోబెట్టాడు, దానికి నాకేం బాధ లేదు, బళ్ళో అయినా నేను అట్టల మీద బొమ్మలే వేసేదాన్ని. ఈయన అప్పుడు నాన్న దగ్గర గోడ పూసేవారు, తాపీ మేస్త్రీలందరిలోకీ చిన్న. నాన్న నడుం పట్టేసి మంచం దిగలేని వారంలో, నన్నే వేయమన్నాడు. కుంచె ముట్టుకోవడానికే భయపడ్డాను. ఈయన ఒక గుమ్మడికాయంత మేర పూసి, "ఇంతే. ఇంతకంటే ఎక్కువ ఎవడైనా వేయమంటే నా పేరు చెప్పు" అన్నారు. సరిగ్గా అంతే వేయగలిగాను. వారం తిరిగేసరికి నాన్న మంచంలోంచే కనిపెట్టేశాడు. "ఒసే, వాడు గోడ పూయడం లేదే, నీకు పరుపు పరుస్తున్నాడు" అన్నాడు నాతో, మా అమ్మకి వినబడేలా. అమ్మ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయింది. పెళ్ళయ్యాక ఊళ్ళోవాళ్ళు ఈయన్ని సున్నం మేస్త్రీ అనీ నన్ను రంగులమ్మ అనీ పిలవడం మొదలుపెట్టారు. ఒక కంట్లో వెన్న, ఒక కంట్లో సున్నం అంటారు గదా లోకంలో, మా ఇంట్లో వెన్న ఊసే లేదు, ఎవరి కంట్లో పడ్డా సున్నమే.

పెదవి అయింది. ముసలామె బాగా వచ్చింది, కాస్త కోపంగా ఉంది, ఉండనీ, వంతెన ఎక్కేటప్పుడు వెనకవాడు ఆలస్యం చేస్తే ఎవరికైనా కోపమే. ఇక చేతులు. ముందున్న ఆమె చెయ్యి వెనక్కి చాచి ఉంది, ఆయన చెయ్యి దాన్ని అందుకుంటోంది. మొత్తం బొమ్మంతా వంతెనే, హాల్లో ఈ గోడంతా. పిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు, సైకిలు నెట్టుకుంటూ పోయేవాడు, కుట్టుమిషను నెత్తిన పెట్టుకున్న ఆవిడ, గొడుగు తెరుచుకోక తిప్పలు పడుతున్న గుమాస్తా, అందరూ ఏరు దాటుతున్నారు. ఈ ఆసుపత్రి హాల్లో చీటీలు పట్టుకుని బల్లల మీద కూర్చున్నవాళ్ళు చూస్తారని వేశాం. మొదటి వారంలో వార్డు ఆయా తుడుపుకర్ర ఆనుకుని అడిగింది:

"ఎక్కడికి పోతన్నారమ్మా వీళ్ళంతా?"

"అవతలికి."

"అవతల ఏముంది?"

"ఏమోనమ్మా, అక్కడికి గోడ అయిపోయింది."

"బాగుంది! ఈ డాక్టర్లూ అంతే చెబుతారు" అని నవ్వి పోయింది. అప్పట్నుంచి రోజూ వచ్చి ఒకరిని లెక్క తీసుకుంటుంది, ఈ సైకిలువాడు మా బావలాగున్నాడు, ఈవిడ మా మూడో వార్డు సిస్టరమ్మే, అని. ఇవాళ పొద్దున కూడా వచ్చింది. "చివర ముసలాళ్ళు మీరిద్దరేనా?" అంది. కాదన్నాను. "కాకపోతే మరి ఆ ముసలాయన సంచీలో తాపీ పిడి కనబడతందేం?" అంది. నేను కాగితం మీద గీసినప్పుడు ఆ పిడి గీయలేదు. కాగితానికి చిల్లులు పొడిచి బొగ్గు మూటతో గోడ మీద అద్దేది ఈయనే గదా, ఎక్కడో నాలుగు చిల్లులు ఎక్కువ పొడిచారన్నమాట. ఈ పెద్దవయసులో కొంటెతనం. నవ్వొచ్చింది, ఇప్పుడూ వస్తోంది, కానీ బొటనవేలు వంపు దగ్గర నవ్వకూడదు, చెయ్యి కదులుతుంది.

మళ్ళీ దగ్గు. పెరట్లోంచి హాలు దాటి వస్తోంది. నిన్న ఈ మేడ మీదే ఛాతీ డాక్టరుకు చూపించుకుని వచ్చారు. నేనూ వస్తానంటే, "కఫానికి కవాతెందుకు" అని ఒక్కరే వెళ్ళారు. దిగివచ్చి, "ఏం లేదే, కాస్త కఫం. మిరియాలు తాగమన్నాడు" అన్నారు. డాక్టరు మిరియాలు తాగమంటాడా? అప్పుడే అనుమానం రావాల్సింది. వచ్చింది కూడా. వచ్చిన అనుమానాన్ని పక్కన పెట్టి ముసలామె చీర మడతలు వేసుకున్నాను. మనకు అక్కర్లేనిది చూడకుండా ఉండడంలో మన కళ్ళంత చాకచక్యం ఇంకేదానికీ లేదు.

కింద బూట్ల చప్పుడు ఆగింది. తిరిగి చూడకుండానే ఎవరో తెలిసింది, మందుల వాసన కంటే సబ్బు వాసన ఎక్కువ వచ్చే మనిషి.

"అమ్మగారూ, ఇవాళ్టితో ముగిస్తున్నారటగా? మేస్త్రీగారు నిన్న మాటిచ్చారు. మంచి పని చేశారు" అన్నాడు ఛాతీ డాక్టరు.

కుంచె ఆపలేదు. ముసలాయన మణికట్టు మీద ఉంది, ఆపితే మచ్చ పడుతుంది. "ఆయనకు ఎలా ఉందండీ?" అన్నాను, తెలిసినదాని గురించే అడుగుతున్నట్టు.

"ఊపిరితిత్తుల్లో ఇన్నేళ్ళ దుమ్ము గడ్డకట్టుకుపోయిందమ్మా. వెనక్కి పోయేది కాదు, ముందుకు పోకుండా ఆపుకోవాలి. ఇక ఒక్కరోజు కూడా ఇసుక జల్లించడం, పాతగోడ గీకడం, సున్నం పని, ఏదీ పనికిరాదు. దుమ్ము దగ్గరే ఉండకూడదు. మందులు మానకుండా చూసుకోండి."

"రంగు వేస్తే?"

"ఏంటమ్మా?"

"తడి రంగు, కుంచెతో. కూర్చుని వేస్తే?"

ఆయన పైకి, నా కుంచె వంక చూశాడు. "దానికేం? దుమ్ము లేని చోట కూర్చుని బొమ్మలేసుకుంటే నేనెందుకు వద్దంటాను?" అని వెళ్ళిపోయాడు. బూట్ల చప్పుడు మెట్ల మీదికి పోయింది.

అదీ సంగతి. కొలత పొరపాటున తప్పలేదన్నమాట. కళ్ళజోడు కాదు, పెద్దతనం కాదు. ఆఖరి పూట గనుక ఉన్న గోడంతా పూసేశారు. తన చేత్తో పూయాల్సింది ఒక్క ముక్కా మిగలకుండా, నాకు వేరే మేస్త్రీ చేతి గోడ మీద ముఖం వేయాల్సిన అగత్యం రాకుండా. నా వంక చూసి కొలిచే మనిషి ఇవాళ పొద్దున నా టీ గ్లాసు వంక చూడలేదు, గుర్తొస్తోంది, గోడ వంకే చూస్తూ తాగారు. నాకు ఒళ్ళు మండింది. ఆ తరవాత గుండె జారింది. అది జారుతుండగానే మళ్ళీ ఒళ్ళు మండింది. ఏడుద్దామా అంటే కళ్ళు మసకేస్తాయి, గోడేమో తడారిపోతోంది. ఏడుపు సాయంత్రానికి. ఇప్పుడు మణికట్టు, మణికట్టు మీద నరం, ఆమె వేళ్ళు ఆయన వేళ్ళ మీద ఎక్కడ ఆనుతాయో అక్కడ నీడ.

స్వామీ, నేను నీ మీద ఎప్పుడూ గొణగలేదు. దీపం పెట్టని రోజు లేదు. మోయలేని బరువు దేవుడు ఎవరికీ ఇవ్వడని మా అత్తగారు అనేది, ఆవిడ మోయలేకే పోయింది, అయినా ఆ మాట అంటూనే పోయింది. నేనూ నమ్ముకుంటూ వచ్చాను, ఎందుకంటే నాకు ఇంట్లోనే అలా ఇచ్చే మనిషి ఒకడు ఉన్నాడు, నా ఓపిక చూసి అంతే పూసేవాడు. నువ్వూ అలాగే చేస్తావనుకున్నాను, పొద్దున్నే ఒక్కొక్కరి ముఖమూ చూసి ఆ రోజుకి తగినంత. మరి ఈయనంతటివాడే ఇవాళ ప్రేమ కొద్దీ కొలత తప్పాడే, నువ్వూ అప్పుడప్పుడూ అలాగే తప్పుతావా? తప్పితే, మా వల్ల కానిది మేమేం చెయ్యాలి? ఇది తిట్టుగా తీసుకోకు. తెలియక అడుగుతున్నాను. నోరు మూసుకుని అంతా వేసేయాలా, నాలుగు గీతల్లో ముసలాయన్ని ముగించేసి?

వేయొచ్చు. ఇప్పుడు పరుగెడితే రెండు కళ్ళూ ఒక ముక్కూ పడతాయి. దూరం నుంచి చూసేవాళ్ళకి ముఖమే. ఎల్లుండి పరంజా విప్పేస్తాం, పెద్దసారు చూడ్డానికి వస్తారు అని ఆఫీసువాళ్ళు రెండుసార్లు చెప్పి వెళ్ళారు. అయిపోయిందంటే అందరికీ సంతోషం. కానీ ఆ ముఖం ఈ హాల్లో ఎన్నేళ్ళుంటుంది? మేము పోయాక కూడా ఉంటుంది. ఈయన ఆఖరి గోడ మీద నేను పరుగెత్తుకుంటూ వేసిన ముఖం. నవ్వుతున్నాడో నొప్పిగా ఉన్నాడో తెలియని ముఖం. ఒకసారి పేపరాయన వచ్చి నా ఒక్కదాని పేరే రాసుకుపోతే నేను రభస చేశాను, గోడ లేనిదే బొమ్మేమిటని. ఈయన మాత్రం, "నేను చేసింది కనబడిందంటే నేను చెడగొట్టినట్టే లెక్క, ఊరుకో" అన్నారు. ఇన్నేళ్ళు కనబడకుండా ఉన్న మనిషి చివరికి ఇలా తొందరలో, హడావిడి గీతల్లో కనబడాలా? వల్లకాదు. ఇల్లు అలకగానే పండగ కాదు. పూశారు గనుక వేసి తీరాలని ఎక్కడుంది?

వేలి వెనక ఆనించాను. చల్లదనం పోతోంది. కుంచె లాగితే గోడ పట్టుకుంటోంది, అంటే ఇక రంగు తాగకుండా మూతపడబోతోందని. ఆమె చిటికెన వేలు, ఆయన చూపుడువేలు, అంతే, సంచీ అంచు ఒక్కటి, దాంట్లో తాపీ పిడి కూడా, ఆయన దొంగతనంగా పొడిచిన నాలుగు చిల్లుల్నీ కలిపేశాను. అక్కడితో ఆగాను. కుంచెలు నీళ్ళలో వేశాను. ఆయన పలక మీద మరిచిపోయిన చిన్న తాపీ అందుకుని, ముసలాయన మెడ దగ్గర్నుంచి చుట్టూ కోయడం మొదలుపెట్టాను. బొగ్గు చుక్కల ముఖం ముద్దలు ముద్దలుగా బక్కెట్లో పడుతోంది. తడిగా ఉండగానే తీసేయాలి. ఆరాక పగలగొడితే దుమ్ము లేస్తుంది, ఆ దుమ్ము మళ్ళీ ఆయనకే.

ఆ గీకుడు శబ్దానికి ఆయన పెరట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చేశారు.

"ఏమే! ఏం చేస్తున్నావే? నా గోడ!"

"మీ గోడే. విస్తరి పట్టనంత వడ్డించారు, మిగిలింది తీస్తున్నాను."

"వేయగలవనుకున్నా."

"అనుకోలేదు. ఇన్నేళ్ళలో నా కొలత మీకు తప్పలేదు. ఇవాళ కొలిచింది నన్ను కాదు."

ఆయన పరంజా గుంజ పట్టుకుని నిలబడ్డారు. బల్లల మీద ఉన్నవాళ్ళు చీటీలు మరిచిపోయి మా వంక చూస్తున్నారు. గోడలకు చెవులుంటాయంటారు, ఈ గోడకు ముందు బోలెడన్ని కళ్ళు కూడా ఉన్నాయి.

"డాక్టరు చెప్పేశాడా?" అన్నారు గొంతు తగ్గించి.

"చెప్పాడు. మిరియాల సంగతి మాత్రం చెప్పలేదు."

"నీకు చెబితే చెయ్యి వణుకుతుందని."

"చెప్పాకే ముగించాను ఆ రెండు చేతులూ. వణికాయా? చూడండి."

ఆయన తలెత్తి చూశారు. ముసలామె వేళ్ళ మీద ఆగారు, అక్కణ్ణుంచి మణికట్టుకీ, సంచీకీ వచ్చి తాపీ పిడి దగ్గర దొరికిపోయిన దొంగలా కళ్ళు దించుకున్నారు. "లేదే. వణకలేదు" అన్నారు. తరవాత మామూలు గొంతుతో, "మరి రేపు ఎవడు పూస్తాడే ఆ ఖాళీ?"

"నేను."

నవ్వబోయారు, అది దగ్గయింది. ఆగేదాకా ఆగాను. "ఇసుక మీరు ఇంటికి పోయాక జల్లించుకుంటాను, మూతికి గుడ్డ కట్టుకుని. పొద్దున్నే వచ్చి పూస్తాను. మీరు గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని తిట్టండి. పూత కుదిరి, ఇక్కడంతా తడిగుడ్డతో తుడిచాక పైకి రండి."

"పైకొచ్చి?"

"ముఖం మీరు వేయండి."

"నేనా! ఓసి నీ, నేను ముక్కు వేస్తే ముక్కులా ఉండదే."

"ముసలాయన ముక్కే గదా. ఎలా ఉన్నా వాళ్ళావిడకి అలవాటే."

బల్ల మీద ఎవరో ఫక్కున నవ్వారు. ఆయనకు నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. నిచ్చెన మెల్లగా ఒక్కొక్క మెట్టే ఎక్కి నా పక్కన పలక మీదికి వచ్చారు, నా మీద చెయ్యి వేయలేదు, నా వంక చూడలేదు, నేను కోసిన అంచు మీద బొటనవేలు నడిపారు. పరీక్ష రాసిన పిల్లలా కూర్చున్నాను.

"నిలువుగా కోశావు. ఇలా కోస్తే రేపటి సున్నం దీన్ని పట్టుకోదు, అతుకు పగులుతుంది. ఏటవాలుగా ఉండాలి, బయటికి వాలుతూ. ఇలా పట్టు." నా చేతిలోని తాపీని తీసుకోలేదు, నా చేతితో సహా పట్టుకుని వంచారు. సున్నం తింటూ తింటూ చేపపొలుసులా గరుకెక్కిన వేళ్ళు. ఇద్దరం కలిసి ముసలాయన ముఖం ఉండాల్సిన చోటు చుట్టూ మెల్లగా కోసుకుంటూ వచ్చాం, చెవి పక్కనుంచి, తల మీదుగా, ముసలామె జబ్బ దాకా. ఆమె చెయ్యి మాత్రం ఆయన చేతిని పట్టుకునే ఉంది, పైన తల లేకపోయినా. కింద ఆయా తుడుపుకర్రతో వచ్చి నిలబడి, "అయ్యో, ముసలాయన ఏడమ్మా?" అంది.

"రేపొస్తాడు" అన్నాను.

అంచు పూర్తయింది. ఆయన తాపీ వదిలి, ఖాళీ వంక తల పక్కకు వాల్చి, ఇన్నేళ్ళూ నా వంక చూసినట్టే చూశారు.

"రేపు ఎంత పూస్తావు?" అన్నారు.

"పొద్దున్నే మీ ముఖం చూసి చెబుతాను."